రెండు నీళ్ల ఊరు: పుదుచ్చేరిలో తాగునీరు, సాగునీరు



పుదుచ్చేరి పట్టణంలో, సముద్రానికి కూతవేటు దూరంలో భారతి పార్కు ఉంది. దాని నడుమ గ్రీకు, రోమన్ పద్ధతిలో కట్టిన తెల్లని మండపం కనిపిస్తుంది. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నం మీద ఉన్న బొమ్మ కూడా ఈ మండపానిదే. కొత్తగా చూసేవారు ఏదో యుద్ధంలో గెలిచిన గుర్తుగా కట్టారని అనుకుంటారు. నిజానికి అది ఊరికి మంచినీళ్లు వచ్చినందుకు కట్టినది. దాని పేరు ఆయి మండపం. ఆయి రాణి కాదు, దేవత కూడా కాదు. జనశ్రుతి ప్రకారం ఆమె ఒక వేశ్య.

ఆ కథలో మన కృష్ణదేవరాయలు కూడా ఉన్నాడు. రాయలు ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు దీపాలతో వెలిగిపోతున్న ఒక భవనాన్ని చూసి, గుడి అనుకుని చేతులు జోడించాడట. అది వేశ్య ఇల్లని తెలిసి కోపంతో కూల్చివేయమన్నాడట. ఆయి ఎదురు చెప్పలేదు. తన ఇంటిని తానే కూలగొట్టుకుంటానని అనుమతి అడిగి, ఆ చోట ఊరి కోసం కోనేరు తవ్వించిందని చెబుతారు. ఇది కథే, దీన్ని చరిత్రగా మీ జవాబు పత్రంలో రాయకండి. అయితే ఇలాంటి కథ రాయల పేరుతో ముడిపడటంలో వింత లేదు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెరువులు, కాలువలు తవ్వించమని రాజుకు చెప్పినవాడు ఆయనే. నాగలాపురం దగ్గర ఆయన కట్టించిన పెద్ద చెరువు గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వివరంగా రాశాడు.

కథను దాటి చరిత్రలోకి వద్దాం. 1863లో, మూడవ నెపోలియన్ చక్రవర్తి కాలంలో, పట్టణానికి పడమటనున్న ముత్తిరపాళయం ఊట నీటిని ఫ్రెంచి ఇంజనీరు లామరెస్ ఊళ్లోకి రప్పించాడు. ఈయన చిత్రమైన మనిషి. నీటి పనులు చూస్తూనే దక్షిణ భారత ప్రజల కవిత్వాన్ని ఫ్రెంచిలోకి అనువదించి 1867లో అచ్చు వేయించాడు. ఆయి కథ చక్రవర్తి దాకా వెళ్లి, ఆమె పేర మండపం కట్టించారని కూడా చెబుతారు.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. సముద్రపు ఒడ్డున, బావులున్న ఊళ్లో, అంత దూరం నుంచి నీళ్లు తేవడం ఎందుకు? తీరంలో ఇసుక నేల. అందులో తవ్విన బావుల నీరు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటుంది, ఇళ్ల మధ్య మురుగు కూడా అందులోకి దిగుతుంది. ఆ నీరు గోడలు కట్టడానికి, చెట్లకు పోయడానికి, గిన్నెలు తోమడానికి పనికొస్తుంది. గొంతు తడుపుకోవడానికి మాత్రం వేరే నీరు కావాలి. అంటే 1863లో ఊళ్లోకి వచ్చింది కేవలం నీరు కాదు, ‘తాగే నీరు’. ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈనాటి పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మరి పొలాల సంగతి? పుదుచ్చేరి ప్రాంతంలో గోదావరి వంటి నది లేదు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం గౌతమీ తీరాన ఉంది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట ఫలం ఆ చుట్టుపక్కల సీమకంతా దక్కింది. పుదుచ్చేరికి ఆ భాగ్యం లేదు. ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది గాని, అందులో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల్లో వస్తుంది. మూడు నెలల నీటిని పన్నెండు నెలలకు దాచుకోవాలి. అందుకే అక్కడి వ్యవసాయం చెరువుల మీద నిలబడింది. పుదుచ్చేరి ప్రాంతంలో 84 చెరువులున్నాయని లెక్క. వాటిలో పెద్దది ఊసుటేరి, తరువాతది బాహూరు చెరువు. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు.

ఈ చెరువులు వాన నీటినే నమ్ముకుని కూర్చోలేదు. శంకరాపరణి నదిలో వరద వచ్చినప్పుడు సుత్తుకేణి దగ్గర నుంచి కాలువ ద్వారా ఊసుటేరికి నీరు మళ్లిస్తారు. దక్షిణ పినాకిని మీద సొర్ణావూరు ఆనకట్ట నుంచి బాహూరు చెరువుకు నీరు తెచ్చే కాలువ పేరు బంగారు వాయ్‌క్కాల్. బంగారు కాలువ అన్నమాట. తెలుగువారికి ఆ పేరు వినగానే ఆప్యాయంగా ఉంటుంది! బాహూరు సీమను పుదుచ్చేరి ధాన్యాగారమని ఇప్పటికీ అంటారు. తొమ్మిదో శతాబ్దంలో పల్లవరాజు నృపతుంగవర్మ కాలపు బాహూరు తామ్రశాసనం అక్కడి విద్యాస్థానానికి మూడు గ్రామాలను దానంగా ఇచ్చిన సంగతి చెబుతుంది. గ్రామాల ఆదాయం పంటలో ఉంది, పంట నీటిలో ఉంది. పన్నెండు వందల ఏళ్ల క్రితపు విద్యార్థుల భోజనం కూడా ఒక విధంగా సాగునీటి మీదే ఆధారపడిందన్నమాట.

చెరువు అంటే గట్టు, తూము, అలుగు మాత్రమే కాదు. పూడిక ఎవరు తీయాలి, తూము ఎవరు ఎత్తాలి, నీరు తక్కువైన ఏడు చివరి పొలానికి వంతు ఎలా రావాలి అన్న కట్టుబాట్లు కూడా చెరువులో భాగమే. మన ఊళ్లలో నీరుగంటి చేసిన పని ఇదే. ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరిలో ఈ కట్టుబాట్లకు చట్టరూపం ఇచ్చారు. ఆయకట్టు భూస్వాములు ‘సిందికా అగ్రికోల్’ అనే సంఘంగా ఏర్పడి, ఉమ్మడి నిధికి చందాలు వేసుకుని, కాలువల మరమ్మతులు చూసుకునేవారు. సంఘం అంటే అందరూ సమానులని అనుకోకండి. భూమి ఎక్కువ ఉన్నవాడి మాటే చెల్లేది. కూలివాడికి అందులో చోటు లేదు. అయినా ఈ నీటికి ఫలానావారు బాధ్యులు అనే స్పష్టత ఒకటి ఉండేది.

ఇప్పుడు కాసేపు పారిస్ వెళ్దాం. కారణం లేకుండా కాదు. పుదుచ్చేరికి ఊటనీరు వచ్చిన రోజుల్లోనే, అదే చక్రవర్తి ఏలుబడిలో, ఇంజనీరు బెల్‌గ్రాన్ పారిస్ నగరానికి రెండు వేర్వేరు నీటి వ్యవస్థలు నిర్మిస్తున్నాడు. ఒకటి దూరపు ఊటల నుంచి వచ్చే తాగునీరు. రెండవది సేన్ నది, ఊర్క్ కాలువల నీరు. దీన్ని వీధులు కడగడానికి, తోటలకు, మురుగు కాలువలు శుభ్రం చేయడానికి వాడాలి. గొట్టాలు వేరు, నీరు వేరు. ఆ తాగలేని నీటి గొట్టాలు పారిస్‌లో నేటికీ పనిచేస్తున్నాయి. 2012లో వాటిని మూసేయాలా అన్న చర్చ వచ్చినప్పుడు నగరపాలక సంస్థ ఉంచుకోవాలనే నిర్ణయించింది. మరో విశేషం చూడండి. బెల్‌గ్రాన్ తెచ్చిన మొదటి ఊటనీరు, ద్యూయిస్ కాలువది, పారిస్ చేరింది 1865లో. ముత్తిరపాళయం నీరు పుదుచ్చేరి చేరింది అంతకు రెండేళ్ల ముందే.

పారిస్ అక్కడితో ఆగలేదు. 1862లో విక్టర్ హ్యూగో తన ‘లే మిజెరాబ్ల్’ నవలలో కథ మధ్యలో ఆపి, పారిస్ నగరం ఏటా రెండున్నర కోట్ల ఫ్రాంకులను మురుగు రూపంలో సముద్రం పాలు చేస్తోందని వాదించాడు. కొన్నేళ్లకే మీల్, డ్యూరాన్-క్లే అనే ఇంజనీర్లు 1869లో జెన్నవిల్లియే మైదానంలో మురుగునీటితో కూరగాయలు పండించి చూపారు. కొద్ది హెక్టార్లతో మొదలై తరువాత అది వందల హెక్టార్లకు పెరిగింది. మొదట్లో స్థానికులు తిరగబడ్డారు. నేలలో నీటిమట్టం పెరుగుతోందని, జ్వరాలు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. రైతులకేమో దిగుబడి కనిపించింది, భూమి కౌలు పెరిగింది. అయితే ఈ కథ అంత సుఖాంతం కాదు. నగరంలో పరిశ్రమలు పెరిగాక మురుగులో సీసం, కాడ్మియం వంటి లోహాలు చేరాయి. నూరేళ్లపాటు మురుగు పారిన పియర్‌లే మైదానంలో ఇరవయ్యో శతాబ్ది చివర కూరగాయల సాగును నిషేధించవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడ అడవి పెంచుతున్నారు. మురుగు పొలానికి ఎరువు మోసుకొస్తుంది. దానితోపాటు నగరం ఏమేమి పారబోస్తే అవన్నీ మోసుకొస్తుంది.

మళ్లీ పుదుచ్చేరికి. పారిస్‌లో రెండు నీళ్లు రెండు గొట్టాల్లో స్థిరపడుతున్న కాలంలో ఇక్కడ కథ వేరే మలుపు తిరిగింది. 1870ల చివర ఒక నూలు మిల్లు కోసం లోతుగా బోరు వేస్తే నీరు తనంతట తానే పైకి ఉబికింది. దీన్నే ఆర్టీసియన్ బావి అంటాం. నీటిని పట్టి ఉంచే ఇసుక పొర రెండు బంకమట్టి పొరల మధ్య ఏటవాలుగా ఉంటే, ఎగువన ఇంకిన వాననీటి బరువు దిగువన ఒత్తిడిగా పనిచేస్తుంది. దిగువన రంధ్రం వేస్తే నీరు పైకి చిమ్ముతుంది. ఈ వార్త విని భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఈ బావుల మీద 1880లో ఒక వ్యాసమే ప్రచురించాడు. మద్రాసులో కూడా ఇలాంటి నీరు దొరుకుతుందా అన్నది ఆయన ప్రశ్న.

మోటారు లేదు, ఖర్చు లేదు, నీరు తియ్యన. మనుషులకు అంతకంటే ఏం కావాలి? ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో విద్యుత్ మోటార్లు, కొత్త వరి వంగడాలు రావడంతో పొలానికో బోరు పడింది. చెరువు నిండే దాకా ఎదురుచూడనక్కరలేదు, వంతు కోసం నీరుగంటిని బతిమాలనక్కరలేదు. ఫ్రెంచివారు 1954లో వైదొలిగి, 1962లో విలీనం చట్టబద్ధమయ్యాక చెరువుల బాధ్యత ప్రజాపనుల శాఖకు చేరింది. పాత సంఘాలు పేరుకు మిగిలాయి. బోరున్న రైతు చెరువు పూడిక గురించి ఎందుకు ఆలోచిస్తాడు? నేను రైతును తప్పుపట్టడం లేదు. ఆయన స్థానంలో మనం ఉన్నా అదే చేసేవాళ్లం. కాని ఫలితం ఒకటుంది. పట్టణం తాగేది, పొలం తాగేది ఒకే భూగర్భ పొర నీరయింది. నూరేళ్ల క్రితం విడివిడిగా ఉన్న రెండు నీళ్లు నేల కింద ఒక్కటైపోయాయి.

ఇందులో ప్రమాదం ఏమిటో తీరంలో ఉన్నవారికి తెలుసు. తీరం దగ్గర నేల కింద తీపి నీరు, ఉప్పు నీరు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. తీపి నీటి మట్టం ఎక్కువగా ఉన్నంతకాలం సముద్రం తన హద్దులో ఉంటుంది. మనం లాగిన కొద్దీ ఒత్తిడి తగ్గి, ఉప్పునీరు లోపలికి జరుగుతుంది. ఒకసారి ఉప్పెక్కిన పొరను కడిగి బాగుచేయడం ఒక తరంలో అయ్యే పని కాదు. పుదుచ్చేరి తీర గ్రామాల్లో ఇది పుస్తకాల్లోని భయం కాదు, బావుల్లో కనిపించిన నిజం. 2002 నాటి భూగర్భజల నియంత్రణ చట్టం, 1999లో ఐరోపా సమాఖ్య సాయంతో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం, రెండూ ఈ భయంలోంచి పుట్టినవే. చెరువుల పథకంలో మళ్లీ రైతు సంఘాలను ఏర్పరచారు. పాత సిందికా కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిందని అనుకోవచ్చు, ఈసారి భూమిలేనివారికి కూడా కొంత చోటిస్తూ.

అయితే చెరువుల పూడిక తీస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకంటే ఊరు కూడా పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో పుదుచ్చేరి, ఉళవర్‌కరై పురపాలికల్లో కలిపి అయిదు లక్షలకు పైగా జనం ఉన్నారు. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం, కాగితం తీసుకోండి. మురుగు కాలువలున్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశపు ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు అంచనా వేస్తారు. లక్షమంది నుంచి రోజుకు ఒక కోటి ఎనిమిది లక్షల లీటర్లు, అంటే 10,800 ఘనపు మీటర్లు. వరి పొలానికి రోజుకు 10 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే హెక్టారుకు 100 ఘనపు మీటర్లు. కాబట్టి లక్షమంది వాడి వదిలిన నీరు 108 హెక్టార్ల వరికి సరిపోతుంది. కొబ్బరితోటకో, పశుగ్రాసానికో అందులో సగమే చాలనుకుంటే 200 హెక్టార్లు దాటుతుంది. అయిదు లక్షలమందికి మీరే హెచ్చవేసుకోండి. ప్రతి ఇంటి మురుగూ కాలువలో చేరితేనే ఈ అంకె నిజమవుతుంది, అది వేరే సంగతి. పైగా ఈ నీరు రుతుపవనాల కోసం ఎదురుచూడదు. మే నెలలో చెరువు ఎండినా ఊరి మురుగు ఎండదు.

పుదుచ్చేరి మురుగు చాలాకాలం లాస్‌పేట వైపు కొలనుల్లోకి పోయేది. అక్కడ ఎండ, నాచు, సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా శుభ్రపరిచేవి. తరువాత కేంద్ర ప్రభుత్వ నగర పథకం కింద లాస్‌పేట, కనగన్ ఏరి, దుబ్రాయపేటల్లో కొత్త శుద్ధి కేంద్రాలు వచ్చాయి. వీటిలో ఒకే తొట్టిలో వంతులవారీగా నీరు నింపడం, గాలి పంపడం, తేర్చడం, పైనీరు తీయడం జరుగుతుంది. రెండో పేరు మళ్లీ చదవండి: కనగన్ ‘ఏరి’. ఒకప్పుడు పొలాలకు నీరిచ్చిన చెరువు. ఆయకట్టు మీద ఇళ్లు లేచాయి. పొలాలు పోయిన చెరువు పక్కన, పొలాలకు పనికొచ్చే నీరు తయారు చేసే కేంద్రం నిలిచింది. నగర చరిత్ర అప్పుడప్పుడు ఇలా ఎగతాళి చేస్తుంది.

శుద్ధి చేసిన నీరు పొలానికి చేరాలంటే ఏం కావాలి? మొదటిది నాణ్యత. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని అయిదు తరగతులుగా విభజించింది. తాగునీటి వనరుకు తగినది ‘ఎ’, సాగుకు తగినది ‘ఇ’. ‘ఇ’ తరగతికి నీటి విద్యుత్ వాహకత 2,250 మైక్రోమోలు దాటకూడదు, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ వాహకత అనేది నీటిలోని ఉప్పుకు కొలత. తీరపట్టణాల్లో పగిలిన మురుగు గొట్టాల్లోకి నేలలోని ఉప్పునీరు చొరబడుతుంది. అప్పుడు శుద్ధి కేంద్రం క్రిములను చంపగలదు గాని ఉప్పును తీయలేదు. కాబట్టి సాగునీటి పథకం పొలం దగ్గర కాదు, వీధిలోని గొట్టం అతుకు దగ్గర మొదలవుతుంది. రోగాల విషయానికొస్తే, పచ్చిగా తినే పంటలకు వాడే నీటిలో 100 మిల్లీలీటర్లకు వెయ్యికి మించి మలసంబంధ కోలిఫారాలు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. 2006లో ఆ ధోరణిని మార్చి, నీటి శుద్ధి ఒక్కటే కాక పంట ఎంపిక, నీరు పెట్టే పద్ధతి, కడిగి వండటం, అన్నింటినీ కలిపి రక్షణగా లెక్కించమంది. మన హైదరాబాదులో మూసీ దిగువన రైతులు ఏ పథకమూ లేకుండానే నగరపు మురుగుతో పారాగడ్డి, వరి పండిస్తూ వచ్చారు. గడ్డి గేదెలకు, పాలు నగరానికి. తెలివైన ఏర్పాటే, కాని ఆ నీటిలో మోకాళ్లదాకా దిగి పనిచేసేవారి చర్మానికీ కడుపుకూ కలిగిన నష్టం ఏ ఖాతాలోనూ చేరదు.

రెండవది నిల్వ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పొలానికి ఈ నీరు అక్కరలేదు, మురుగు మాత్రం వస్తూనే ఉంటుంది. ‘ఊసుటేరిలో కలిపేస్తే పోలా?’ అని మీరు అడగవచ్చు. తొందరపడకండి. ఊసుటేరిలో ఇంకిన నీరు చుట్టుపక్కల భూగర్భ పొరలకు చేరుతుంది. పట్టణం తాగేది భూగర్భజలమే. పైగా పుదుచ్చేరి ప్రభుత్వం 2008లో ఆ చెరువును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. తాగని నీటిని తాగునీటి పొర మీద నిల్వ చేస్తే, విడదీయాలనుకున్న రెండు నీళ్లను మళ్లీ కలిపినట్టే. నా అభిప్రాయంలో మొదటి గొట్టం చెరువుకు కాదు, పట్టణంలోని పార్కులకు, రోడ్డు పక్క చెట్లకు, మైదానాలకు వెళ్లాలి. తరువాత అంచున ఉన్న కొబ్బరి, సరుగుడు, పశుగ్రాసపు పొలాలకు. బాహూరు వరి చివరి మజిలీ. అమెరికాలో ఇలాంటి నీటి గొట్టాలకు ఊదారంగు వేస్తారు, పొరపాటున ఎవరూ తాగునీటి గొట్టానికి కలపకుండా. పుదుచ్చేరికి ఏ రంగైనా సరే, ఒక రంగు మాత్రం తప్పదు.

మూడవది అన్నిటికంటే కష్టమైనది. ఉచితంగా తియ్యని బోరు నీరు ఉండగా రైతు ఈ నీటిని ఎందుకు తీసుకోవాలి? వాసన వస్తుందేమో, కూరగాయలు బజారులో అమ్ముడవుతాయో లేదో, కేంద్రం ఒక వారం మూతపడితే పైరు ఏమవుతుందో. జెన్నవిల్లియే రైతు ఒప్పుకున్నది ఉపన్యాసం విని కాదు, పక్కవాడి పొలం చూసి. ఇక్కడా అంతే. రోజూ పరీక్షించిన ఫలితాన్ని పొలం గట్టున బోర్డు మీద రాయడం, నీటి వంతును సంఘం చేతిలో పెట్టడం, ఈ నీరు తీసుకున్నవాడి బోరు ఎంతసేపు ఆగిందో లెక్కగట్టడం, ఇవన్నీ గొట్టాల ఖర్చులో చేరవలసినవే. లేకపోతే రైతు రెండు నీళ్లూ వాడతాడు, బోరు ఆగదు, ఉప్పు జరుగుతూనే ఉంటుంది.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ పాఠశాల లేదా కళాశాల వసతి గృహంలో రోజుకు ఎన్ని లీటర్ల నీరు ట్యాంకులోకి ఎక్కుతుందో కనుక్కోండి. అందులో నిజంగా తాగినది, వండినది ఎంతో అంచనా వేయండి. మిగిలింది ఎటు పోతుందో కాలువ వెంట నడిచి చూసి, దారి పటం గీసుకు రండి.